“గోకకు” అనకుండా నా కొడుకును పెంచడం ఎలా?

ప్రశ్న: వశిష్ఠ ఒడ్డు

మొన్న మంగళవారం రాత్రి మా ఊళ్లో కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన పది నిమిషాలకు పక్కలో ఆ చప్పుడు మొదలైంది. చీకట్లో కూడా నేను పోల్చుకోగల చప్పుడు అది. ఎండిన చర్మం మీద చిన్న గోళ్లు ఆగకుండా ఆడే బరబర. ఫోను లైటు వేశాను. మా బాబు చటుక్కున రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. వాడికి నాలుగేళ్లు. దుప్పటి తీసి చూస్తే మోచేతి మడతలో రసి, దాని మీద సన్నటి రక్తపు చారలు, గోళ్ల సందుల్లో ఎండిన రక్తం. వాడు ఎవరికి భయపడి దాచాడు? నాకే. పొద్దున లేచింది మొదలు “గోకకు, గోకకు” అని అరిచేది నేనే.

ఆ మాట వింటూనే నేను పెరిగాను. అందుకే ఆ రాత్రి నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

నాకిప్పుడు 36 ఏళ్లు. రాజోలు వైపు ఒక లంక గ్రామం మాది. పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. నేను పుట్టిన ఐదో నెలలో నా బుగ్గలు ఎర్రబడి రసి కారడం మొదలైందట. పాలు పడలేదని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. మా అమ్మమ్మ రోజూ సున్నిపిండితో నలుగు పెట్టి గట్టిగా రుద్దేది, మురికి వదిలితే ఒళ్లు బాగుపడుతుందని. పగిలిన చర్మం మీద ఆ పిండి గరుకు ఎలా ఉంటుందో మాటలు వచ్చాక గానీ ఆమెకు చెప్పలేకపోయాను. చెప్పిన రోజే మానేసింది, పాపం. ఆ తర్వాత కొబ్బరిపాలు కాచి తీసిన నూనె మాత్రం రాసేది. అది హాయిగా ఉండేది.

నాలుగేళ్లు దాటేసరికి బుగ్గలు బాగుపడ్డాయి. జబ్బు మోచేతుల మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి, మెడ చుట్టూ చేరింది. రాత్రిళ్లు అమ్మ నా చేతులకు నాన్న పాత మేజోళ్లు తొడిగి, మణికట్ల దగ్గర చీర పేలికతో కట్టేది. తెల్లారేసరికి మేజోళ్లకు చిల్లులు పడేవి.

ఊళ్లో దానికి రెండే పేర్లు, గజ్జి లేదా తామర. గజ్జి కంటికి కనిపించని పురుగు వల్ల వచ్చి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. తామర అని జనం ఎక్కువగా పిలిచేది గుండ్రంగా, అంచులు తేలి పెరిగే బూజు జబ్బును. అదీ అంటుకునేదే. నాకున్నది ఎగ్జిమా అనే చర్మవ్యాధి, ఎవరికీ అంటదు. ఇది నాకు తెలుసు, డాక్టర్లకు తెలుసు. వీధికి ఎవరు చెబుతారు?

1996 నవంబరు 6న కోనసీమ మీద తుఫాను వచ్చిన రాత్రి నాకు ఏడేళ్లు. బడి గదిలో తలదాచుకున్నాం. తడి బట్టలు, అంతమంది ఊపిరి వేడి, ఒళ్లంతా మంట. లాంతరు వెలుగులో నా మోకాళ్ల వెనక చూసిన ఒకావిడ “పిల్లకు గజ్జి, అటు జరగండి” అంది. కాలు చాపుకోవడానికి చోటు లేని గది అది. అయినా మా అమ్మ చుట్టూ, నా చుట్టూ బారెడు జాగా ఖాళీ అయ్యింది. బయట కొబ్బరిచెట్లు విరిగి పడుతున్నాయి. తుఫాను మాట ఎత్తితే ఈనాటికీ నా కళ్ల ముందు కట్టేది ఆ బారెడు జాగాయే.

మా అమ్మ, పిన్ని లేసు అల్లేవారు. ఏటికి అవతల నరసాపురం నుంచి దారం వచ్చేది, అల్లినది అక్కడికే వెళ్లేది. ఎనిమిదో తరగతి సెలవుల్లో నేనూ నేర్చుకున్నాను. వేలి కణుపుల మీద పగుళ్లు ఉండేవి. ఒకరోజు తెల్లటి పువ్వు మధ్యలో ఆవగింజంత ఎర్రచుక్క పడింది. నేను గమనించలేదు. సరుకు తీసుకోవడానికి వచ్చినాయన ఆ ముక్క వేలితో పట్టుకుని చూసి పక్కన పెట్టాడు. అమ్మ ఏమీ అనలేదు. నా చేతిలోని సూది తీసుకుని డబ్బాలో పెట్టింది, మళ్లీ ఇవ్వలేదు.

ఇంటర్‌లో ఉండగా మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. మూడు రోజుల్లో చర్మం నున్నగా అయ్యింది. నేను ఏడ్చాను, అంత సంతోషం. మానేసిన వారానికి రెట్టింపుగా తిరిగొచ్చింది. మళ్లీ రాశాను. అలా ఆరేళ్లు. ఇప్పుడు నా మోచేతి మడతల్లో చర్మం ఉల్లిపొరలా పలచబడి లోపలి నరాలు కనిపిస్తాయి. పెళ్లిచూపులకు మే నెలలో నిండు చేతుల జాకెట్టు తొడిగించారు. ఆ సాయంత్రమే ఫోను చేసి ఆయనకు అన్నీ చెప్పాను. “చూశాను, చెమటకు ఇబ్బంది పడుతున్నారని” అన్నారు. అంతే, ఆ సంగతి అక్కడితో సరి.

ఇప్పుడు బాబు. పిల్లల డాక్టరు గారు వాడికి ఒక పూత మందు రాశారు. చీటీలో స్టెరాయిడ్ అని చూసి, నా ట్యూబులో ఉన్నదీ ఆ రకం మందే కదా అని, మూత తీయకుండా బీరువాలో పెట్టాను. మా అత్తగారు గుడ్డు, చేప, వంకాయ మాన్పించారు. వాడు ఆటల కోసం వెళ్లే చోట ఆయా వాణ్ని విడిగా చాప వేసి కూర్చోబెట్టిందని నిన్ననే తెలిసింది. మందుల గురించీ చెప్పండి, కానీ నా అసలు ప్రశ్న వేరు. దురదతో అల్లాడే పిల్లవాడికి “గోకకు” అనకుండా ఏం చెప్పాలి? “పెద్దయ్యాక పోతుందిలే నాన్నా” అని చెప్పవచ్చా? నాకు పోలేదు.

జవాబు: పాలకొల్లు పెద్దమ్మ

అమ్మాయీ, నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. నాకు 71 ఏళ్లు. మా చిన్నబ్బాయికి ఇలాగే ఉండేది. మేము వంకాయ, గోంగూర, ఎండుచేప, ఆవకాయ అన్నీ కట్టించాం. పత్యం ఉంటేనే దారికి వచ్చింది. వేపాకు మరిగించిన నీళ్లు పోశాం. పన్నెండో ఏడు దాటాక పూర్తిగా పోయింది. మీ అత్తగారిని తప్పు పట్టకు తల్లీ. పెద్దవాళ్లు చూసిన చూపు అది.

గోకకు అనే మాటకు వస్తే, నేనూ అనేదాన్ని. ఒకసారి వాడు “అమ్మా, గోకకపోతే ఇంకేం చెయ్యను?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తాటాకు విసనకర్ర తెచ్చి విసురుతూ కూర్చున్నాను. ఆ ఏడాది దాళ్వా కోతలు అయ్యేదాకా రోజూ రాత్రి అదే పని. చల్లగాలి తగిలితే నిద్రపోయేవాడు.

జవాబు: కువైట్‌లో అమలాపురం

అక్కా, నాకు 41. నాదీ నెలల పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి ఉన్న జబ్బే. మీ చివరి ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే ఆ మాట నమ్మి పెరిగినవాణ్ని.

మా నాన్న “మీసాలు వచ్చేనాటికి పోతుందిరా” అనేవాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను దాన్ని తేదీలా పట్టుకున్నాను. మీసాలు వచ్చాయి, పోలేదు. సరే పద్దెనిమిది అనుకున్నాను. పద్దెనిమిది నిండిన రోజు తెల్లవారుజామున లేచి, దీపం వేసి, మోకాళ్ల వెనక అద్దం పెట్టి చూసుకున్నాను. అలాగే ఉంది. ఆ రోజు నాకు మా నాన్న మీద వచ్చిన కోపం ఆయన పోయేదాకా పూర్తిగా తగ్గలేదు. పెద్దమ్మ గారి అబ్బాయికి తగ్గినట్టు చాలామందికి తగ్గుతుంది, అది నిజమే. మీ బాబుకూ తగ్గవచ్చు. తేదీ మాత్రం పెట్టకండి అక్కా.

మీ ట్యూబు కథే నాది. తొమ్మిదేళ్లు రాశాను. అందులో స్టెరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయని నాకు తెలియదు. మా ఊళ్లో అందరూ దాన్ని “దురద ట్యూబు” అనేవారు, అంతే. తొడల మీద గర్భిణులకు పొట్ట మీద పడే చారల్లాంటివి పడ్డాయి. ఎవరో భయపెడితే ఒక్కరోజులో మానేశాను. వారం తిరక్కముందే ఒళ్లంతా ఎర్రగా మండిపోయి, జ్వరం వచ్చినట్టు వణికాను. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానాలని అప్పుడు తెలిసింది.

ఇక్కడి ఎండ వేరు. మన దగ్గర చెమట కాటు వేస్తే, ఇక్కడ పొడిగాలి, ఏసీ చర్మాన్ని పీల్చేస్తాయి. రాత్రి స్నానం అయ్యాక తడి పూర్తిగా ఆరకముందే ఒళ్లంతా వాజలీను పట్టిస్తాను. బాగా రేగిన రోజుల్లో డాక్టరు నేర్పినట్టు మందు మీద తడి నూలుగుడ్డ, దాని మీద పొడి బనీను తొడుక్కుని పడుకుంటాను. చిన్నపిల్లలకైతే డాక్టరును అడగకుండా ఈ పని చేయకండి. మా గదిలో ఆరుగురం ఉంటాం. మొదటి రోజే అందరికీ చెబుతాను: ఇది అంటుకోదు, మా అమ్మానాన్నలు ఇచ్చిన చర్మం ఇంతే. చెప్పాక ఎవరూ పక్క దూరం జరపలేదు. మీరు చెప్పిన ఆ బారెడు జాగా నాకూ తెలుసు అక్కా. అయ్యప్ప దీక్షలో నేను కూర్చున్న బంతిలో వడ్డన ఆగిపోయింది.

జవాబు: చర్మవైద్యుడు, కాకినాడ

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట. చూడకుండా వైద్యం చెప్పడం సరికాదు కాబట్టి, మీ పిల్లల డాక్టరు గారి మాటకు బదులుగా దీన్ని తీసుకోవద్దు.

దురద మీ బాబు అలవాటు కాదు. అటోపిక్ డెర్మటైటిస్ అనే ఈ రకం ఎగ్జిమాలో చర్మపు పై గోడ సరిగా కట్టుకోదు. ఇటుకల మధ్య సిమెంటు రాలిన గోడ అనుకోండి. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. ఆ గోడకు ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులోని లోపాలకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. అందరు రోగుల్లోనూ అదే కారణం కాదు, కానీ మీకు ఉన్నది బాబుకు ఎందుకు వచ్చిందో దానివల్ల కొంత అర్థమవుతుంది. చర్మం లోపల వాపు రగులుతుంటే దురద పుడుతుంది, గోకితే గోడ ఇంకా పగులుతుంది, పగిలితే వాపు పెరుగుతుంది. ఈ చక్రంలో పిల్లవాడి చేతులను ఆపడం మన వల్ల కాదు. ఆపగలిగింది వాపును. “గోకకు” అన్న మాట పనిచేయనిది అందుకే. కాలుతున్న చోట చేయి పెట్టి అరవకు అన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు మీ బీరువాలోని మందు. మీ భయం నాకు అర్థమైంది, అది మీరు అనుభవించినదే. కానీ మీకు షాపులో ఇచ్చినదీ, డాక్టరు గారు బాబుకు రాసినదీ ఒకటి కాకపోవచ్చు. ఆ మూడు కలిపిన ట్యూబుల్లో తరచుగా ఉండే క్లోబెటసోల్, పసిపిల్లలకు రాసే హైడ్రోకార్టిసోన్ కంటే కొన్ని వందల రెట్లు బలమైనది. రెండింటినీ స్టెరాయిడ్ అనే అంటారు. ఈ ట్యూబులు చేసిన హాని చూసే, 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఇంకా చీటీ లేకుండా కొనుక్కుని వచ్చేవాళ్లను వారానికి ఎంతమందిని చూస్తానో లెక్క లేదు. అది నాకు కోపం తెప్పించే సంగతి. పైగా తామర అన్న ఒక్క మాటతో రెండు జబ్బులనూ పిలవడం వల్ల బూజు జబ్బుకు స్టెరాయిడ్ రాసుకుని ఒళ్లంతా పాకించుకుంటున్నారు, ఎగ్జిమాకు బూజు మందు రాసుకుని నెలలు పోగొట్టుకుంటున్నారు.

సరైన బలం, సరైన కొలత, సరైన రోజులు, ఇవి తెలిస్తే భయం అక్కరలేదు. పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి కణుపు దాకా ట్యూబు నుంచి గీత తీస్తే సుమారు అర గ్రాము. వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు అది సరిపోతుంది. భయంతో బఠాణీ గింజంత తీసి ఒళ్లంతా పులిమితే వాపు తగ్గదు, మందు వాడే రోజులు పెరుగుతాయి. తక్కువ రాసి ఎక్కువ రోజులు వాడేవారే నా దగ్గర ఎక్కువ. వాపు అణిగాక తరచుగా రేగే చోట్ల వారానికి రెండు రోజులు మాత్రమే రాయించే పద్ధతి ఉంది. ముఖానికి, మడతలకు టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూత ఉంది. రెండేళ్లు నిండిన పిల్లలకు 0.03 శాతం వాడతాం. మొదటి కొన్ని రోజులు కాస్త మండుతుంది, ముందే చెప్పకపోతే తల్లులు మానేస్తారు. మీలాంటి పెద్దవాళ్లకు, పూతలతో లొంగనివారికి ఇప్పుడు దుపిలుమాబ్ ఇంజెక్షను, జాక్ నిరోధకాలు అనే మాత్రలు వచ్చాయి. ఖర్చు, పరీక్షలు ఉంటాయి. మీ గురించి కూడా ఒకసారి చూపించుకోండి. తల్లులు పిల్లల కోసం వచ్చి తమ చేతులు కొంగు కింద దాచుకుని కూర్చుంటారు.

పెద్దమ్మ గారికి నమస్కారం. మీ విసనకర్ర నూటికి నూరుపాళ్లు సరైన వైద్యం. వేడి, చెమట ఈ దురదను లేపుతాయి. మన డెల్టాలో వేసవి ఉక్కకు ఎంతమందికి రేగుతుందో చూస్తూనే ఉన్నాను. పత్యం దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. మీ అబ్బాయికి ఆ వయసుకు సహజంగానే తగ్గి ఉండవచ్చు. జబ్బు తీవ్రంగా ఉన్న కొందరు పసివాళ్లకు గుడ్డు, పాలు నిజంగానే పడవు, అది పరీక్షించి తేల్చాలి. ఊహతో గుడ్డు, చేప మాన్పిస్తే ఎదిగే పిల్లవాడు బక్కచిక్కుతాడు, చర్మం అలాగే ఉంటుంది. వేపాకు నీళ్లు పగిలిన చర్మాన్ని ఇంకా ఎండబెట్టవచ్చు.

మీ అమ్మమ్మ గారి కొబ్బరినూనె గురించి కూడా చెప్పాలి. 2014లో ఫిలిప్పీన్స్ వైద్యులు 117 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలో, పచ్చికొబ్బరి నుంచి తీసిన వర్జిన్ నూనె రాసినవారికి ఖనిజ నూనె రాసినవారికంటే బాగా తగ్గింది. తేలికపాటి, మధ్యరకం ఎగ్జిమాకే ఆ ఫలితం. రసి కారే చోట నూనె పూయవద్దు. ఆవనూనె అసలు వద్దు.

ఒక హెచ్చరిక. ఎగ్జిమా ఉన్న చోట ఒకేసారి గుత్తులుగా పొక్కులు లేచి, చిన్నచిన్న గుంటల్లా పగిలి, జ్వరం వస్తే “అమ్మవారు పోసింది” అని ఇంట్లో ఉంచకండి. హెర్పిస్ వైరస్ ఎగ్జిమాలోకి చేరినప్పుడు అలాగే ఉంటుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి. కంటి దగ్గరైతే ఒక్క గంట కూడా ఆగవద్దు.

ఆ ఆయాకు చూపించడానికి మీ డాక్టరు గారిని రెండు వాక్యాలు రాసివ్వమని అడగండి: ఇది అంటువ్యాధి కాదు, అందరితో కలిపి కూర్చోబెట్టాలి. అడిగినవారికి నేను ఎప్పుడూ రాసిస్తాను.

జవాబు: రొయ్యల షెడ్డు, భీమవరం వైపు

మేడమ్ గారూ, నేను రొయ్యలు వొలిచే పని చేస్తాను. నాకు చిన్నప్పుడు మీలాగే ఉండి, పదకొండో ఏడు వచ్చేసరికి పోయింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, అంతా మరిచిపోయాను. షెడ్డులో చేరిన మూడో నెలకు చేతుల మీదికి వచ్చింది. పొద్దుటి నుంచి ఐసు నీళ్లు, రొయ్య రసం. వేళ్లు పుచ్చకాయలా పగిలిపోయాయి. సూపర్‌వైజరు “జబ్బు చేతులతో సరుకు ముట్టుకోకు” అని పంపేశాడు. రెండు నెలలు కూలి లేదు.

డాక్టరమ్మ చెప్పింది, చిన్నప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్లకు తడిపనిలో చేతులకు మళ్లీ వస్తుందని. లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకుని, లోపలిది చెమట పట్టినప్పుడల్లా మార్చుకోమంది. నాలుగు జతలు కుట్టించుకున్నాను. ఇప్పుడు ప్యాకింగులో వేశారు. మీ బాబు పెద్దయ్యాక తగ్గినా సరే, ఏ పనిలో చేరుతున్నాడో చూసుకోమని చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు.

దురదకు నేను నా చిన్నదానికి చెప్పేది ఇది. గోకబుద్ధి అయినచోట అరచేయి ఆనించి గట్టిగా నొక్కి ఇరవై లెక్కపెట్టమంటాను. తనకు అంకెలు కూడా వచ్చాయి.

జవాబు: వశిష్ఠ ఒడ్డు

ఐదు వారాలైంది. కాలువలకు నీళ్లు వదిలారు, బడులు తెరిచారు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

డాక్టరు గారూ, బీరువాలోని డబ్బా తీసి చూస్తే హైడ్రోకార్టిసోనే. పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్లి పిల్లల డాక్టరు గారిని మళ్లీ కలిశాను. వేలి కొలత ఆయన చేతి మీద చూపించి నేర్పారు. మొదటి రోజు నా చేతులు వణికాయి. ఆ గీత నా చూపుడువేలి మీద పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పదిహేను, పదహారేళ్ల కింద నేను విసిరికొట్టిన ట్యూబులన్నీ కళ్లకు కనబడ్డాయి. ఆరో రోజుకు మోచేతి మడత మానింది. ఎనిమిదో రోజున ఆపమన్నారు, ఆపాను. మళ్లీ కాస్త రేగింది, ఈసారి భయపడలేదు. స్నానం తర్వాత పూసే క్రీము మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

గుడ్డు తిరిగి పెడుతున్నాను. అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెద్దమ్మ గారి విసనకర్ర సంగతి చదివి వినిపించాను. అటక మీంచి పాతది ఒకటి దింపి దులిపారు. ఇప్పుడు కరెంటు పోతే వాడి మంచం దగ్గర ఆవిడే కూర్చుంటారు.

ఆయాకు డాక్టరు గారి చీటీ ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించి, నా జాకెట్టు చేయి పైకి మడిచి నా మోచేయి చూపించాను. “మీకూ ఉందా అమ్మా, నిరుడంతా మీ చేతి మంచినీళ్లు తాగానే” అంది. చాప తీసేసింది. నా క్లాసు పిల్లల్లో ఎవరి చేతి మడతలు చూస్తున్నానో ఈ మధ్య నాకే ఆశ్చర్యంగా ఉంది. మూడో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ల అమ్మను రేపు రమ్మన్నాను.

కువైట్ తమ్ముడూ, తేదీ చెప్పలేదు. ఒకరోజు వాడే అడిగాడు, “నీకు పోయిందా?” అని. పోలేదు నాన్నా, కానీ నాకు మందు తెలుసు, డాక్టరు తెలుసు అన్నాను. నా చేయి తీసుకుని తన చేయి పక్కన పెట్టుకుని చూశాడు. “మనిద్దరికీ ఒకటే ఉంది” అన్నాడు, ఏదో బంధుత్వం దొరికినట్టు. నాకు కాకినాడలో వచ్చే శనివారం చూపించుకునే ఏర్పాటు అయింది, నా కోసం.

“గోకకు” అన్న మాట పూర్తిగా మానలేదు. నోటికొస్తుంది, సగంలో ఆపుకుంటున్నాను. నొక్కి ఇరవై లెక్కపెట్టడం వాడికి పన్నెండు దాకే వస్తుంది, తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. నిన్న రాత్రి వానకు కరెంటు పోయింది. ఆ బరబర చప్పుడు ఒక్కసారి వినిపించి ఆగింది. నేను కదలలేదు. కాసేపటికి చీకట్లోంచి వాడి గొంతు వచ్చింది, “అమ్మా, దురద వచ్చింది, లైటు వెయ్యి.” వేశాను. రెండు చేతులూ దుప్పటి పైనే ఉన్నాయి.